ఊక బూడిద

పెదనందిపాడు రోడ్డు
ప్రతి ఎండాకాలం నోరు తెరుస్తుంది
చెయ్యి మోచేతిదాకా దూరే నెర్రెలు.
నాలుగు చినుకులు పడితే చాలు,
నానబోసిన శనగలా రేగడి ఉబ్బి
పైన పోసిన సిమెంటును
పెచ్చులు పెచ్చులుగా లేపేస్తుంది.

గుంటూరు ల్యాబులో నా బల్ల మీద
రెండు గాజుగ్లాసుల నీళ్లు.
ఒకదాన్లో వట్టి మట్టిముద్ద.
రెండోదాన్లో
సున్నమూ ఊక బూడిదా కలిపి
ఇరవై ఎనిమిది రోజులు తడిగోనె కింద దాచిన ముద్ద.

బూడిద తెచ్చింది నాగుల్ మీరా
రైసుమిల్లు బాయిలర్ దగ్గర మనిషి,
కనుబొమల్లో కూడా అదే బూడిద.
"పారబోస్తే కాలవోళ్లు తిడతన్నారమ్మా,
మీకిదెందుకు?"

నేను నోరు విప్పేలోగా
మొదటి ముద్ద చప్పుడు లేకుండా జారి
బురదైపోయింది.
రెండోది
నాలుగు బుడగలు వదిలి ఊరుకుంది.

వంగి చూశాడు, చాలాసేపు.
"మా నానీ పొయ్యిగట్టుకి ఇదే మెత్తేది.
ఇంజనీరని ఎవరూ అన్లా."

నా రిపోర్టులో గడులు చాలానే ఉన్నాయి
బలం, తేమ, ఉబ్బు శాతం.
నానీకి మాత్రం లేదు.

సిమెంటు టెండరు ఎల్లుండి.
ముద్ద ఇంకా నీళ్లలోనే ఉంది.
లైటార్పి తాళం వేశాను,
పొద్దున్నే వచ్చి చూడాలి.