పాయింటు

అరచేతుల టెంకాయ నిలబెట్టి
నీళ్లు చూసేటోన్ని నేను.
మర్రిగూడ దిక్కు ఏ చెల్కనడిగినా చెప్తది,
ఈదయ్య చూపిన పాయింట్లల్ల
ఎన్ని పోసినయో, ఎన్ని దుమ్ము లేపినయో.

పోయిన బేస్తారం
పిలగానికి తానం పోస్తుంటే
వాళ్లమ్మ చెయ్యి ఆగింది.
రేగ్గాయంత. నొప్పి లేదంటడు.
వారం దినాలు
ఆ మాటను ఇంట్ల ఎవ్వరం పైకనలేదు,
బియ్యంల దాసిన పైసల తీరు.

నల్లగొండ. గడియారం సెంటర్ ఎనుక
మెట్లెక్కినంక స్కానింగు.
టోకెన్ ముప్పై నాలుగు.
నిఖత్ మేడం తువ్వాల కప్పింది,
సల్లగుంటది బేటా అని ముందే చెప్పి
జిగట మందు రాసింది.
వాడు నా బొటనవేలు పట్టుకొని
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టిండు. మూడే.
మళ్ల లెక్కపెట్టిండు.

తెర మీద బూడిద రంగు,
ఎండకాలం దున్నిడిసిన చెల్క.
దాని నడుమ
నల్లటి గుండ్రం ఒకటి.
నలుపంటే ఏందో నాకేమెరుక,
నా పానం ఆడ్నే ఆగింది.
"నలుపైతే మంచిదే," అన్నది,
"నీళ్లు గట్లనే కనబడ్తయ్.
గోడ పల్చగుంది. రంగేసి గూడ చూసిన,
లోపల నెత్తురు పారుడు లేదు.
ఉత్త నీటితిత్తి.
నీళ్లు తప్ప ఏం లేదు."

నీళ్లు తప్ప ఏం లేదట!
ఇరవయ్యేండ్ల సంది
బోరుబండి కాడ నిలబడి
దుమ్ము తప్ప ఏం లేదనే విన్న చెవులివి.

అయినా నా నోరు ఊకుంటదా,
"మంచినీళ్లేనా మేడం?"

నవ్వబోయి ఆగింది.
చీటీ మీద ఊరి పేరు చూసింది,
వంగని నా మోకాళ్లు చూసింది.
మా నాయిన ఎన్నును విల్లు చేసిన నీళ్లు,
నేనే పాయింటు చూపి పైకి తెప్పిచ్చిన నీళ్లు,
కొంచెంసేపు ఆ గదిల
మా నడుమ నిలబడ్డయ్.

"మంచియే," అన్నది మెల్లగ.
"కోసుడు వద్దు, మందులు వద్దు.
ఆర్నెల్లకు మళ్ల తీస్కరా, చూద్దాం."

బస్సుల పిలగాడు అడిగిండు:
"బాపూ, ఆ మిషన్ల టెంకాయ ఉంటదా?"
ఉంటదన్న.
సరేనని నా తొడ మీద నిద్రపోయిండు.

చండూరు దాటినంక ఫోను.
నాంపల్లి అవతల ఎవరిదో బత్తాయి తోట,
ఎండుతున్నదంట.
ఎన్ని ఫీట్లల్ల పడ్తయ్ అన్నా అని అడుగుతుండు.
ఎప్పుడైతే గుక్క తిప్పకుండ చెప్పేటోన్ని.

చూస్తెగాని తెల్వదన్న.