పేక లేని బట్ట

రాయపురంలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల,
స్కూటర్లు నిలిపే చీకట్లో
ఏడో నంబరు స్తంభం పొట్ట ఉబ్బింది.
సుత్తితో తట్టాను.
పైన ఖంగుమంది.
నడుము దగ్గర ఎండిన సొరకాయలా డొల్లగా పలికింది.

కట్టిన ఏడు నీళ్ళ కరువట.
బోరులో ఏవి పడితే ఆ నీళ్ళే కలిపారట.
నలభై ఏళ్ళుగా ఆ ఉప్పు
లోపలి ఇనుమును నాకుతూనే ఉంది.
తుప్పుకి ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి,
ఇవ్వకపోతే చీల్చుకుని తీసుకుంటుంది.

"విరిగిన చేతికి కట్టు కట్టినట్టా?"
మూడో అంతస్తు రెజీనా టీచర్ అడిగింది.
అవునందామనుకుని ఆగిపోయాను.
చెయ్యి తనంతట తానే అతుక్కుంటుంది.
కాంక్రీటుకి ఆ విద్య రాదు.
ఇది ఎప్పటికీ విప్పని కట్టు.

దాలయ్యది పొందూరు.
మగ్గం దిగి మా పనిలోకి వచ్చాడు.
నల్లటి కార్బన్ చుట్ట విప్పి, వేళ్ళతో తడిమి,
మొదటిరోజే అన్నాడు:
"ఇదేం గుడ్డ బావూ? అంతా పడుగే. పేకేదీ?"

నిజమే. పోగులన్నీ ఒకే దారి.
ఆ దారిన లాగితే ఉక్కు కూడా ఓడిపోతుంది,
అడ్డంగా లాగితే పాత పంచె.
అందుకే మొలతాడులా చుట్టూ తిప్పాలి,
పోగు స్తంభాన్ని కావలించుకోవాలి.

పెచ్చులు రాల్చి, తుప్పు గీకి, గుంటలు పూడ్చి,
మూలలు అరగదీశాం,
టీగ్లాసు అంచు ఆనేంత గుండ్రంగా.
పదునైన మూల మీద పోగు తెగుతుందని
దాలయ్యకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

రెండు డబ్బాల జిగురు కలిపాక
నలభై నిమిషాలే.
ఆ తర్వాత ఎవరు బతిమాలినా కరగదు.
సాయంత్రం కడలిగాలి తడిగా వీస్తే
రోలరు కింద పెట్టెయ్యడమే.
గుడ్డ తడిపి, పరిచి, గాలిబుడగలు తరిమి తరిమి
చివర జానెడు చెరగు మీదికి మడిచి అద్దాడు,
కోక సర్దినట్టు.

ఏడో రోజు దాని మీద ఇనపబిళ్ళ అంటించి
యంత్రంతో లాగాం.
టక్.
"అయ్యో, ఊడిపోయింది!" అంది టీచర్.
బిళ్ళ తిప్పి చూపించాను:
బిళ్ళకి గుడ్డ, గుడ్డకి జిగురు,
జిగురుకి కరుచుకుని వేలి మందాన కాంక్రీటు.
అతుకు వదల్లేదమ్మా, రాయే తెగింది.
మా లెక్కలో దీన్నే పాసంటారు.
ఆమె ఆ బిళ్ళ నాకివ్వమంది.
రికార్డుకి కావాలని ఇవ్వలేదు.
ఎందుకో ఇప్పటికీ అది గుచ్చుతూనే ఉంది.

ఊడిన చోట మాసిక వేశాం.
ఆఖరి పూత ఆరకముందే ఇసక చల్లాం,
రేపు సిమెంటు పూత జారిపోకుండా.
దానిమీద సున్నం. దానిమీద
ఎవరో అద్దెకు గది ఉందని కాగితం అంటిస్తారు.
లోపల నల్లబట్ట ఉందని ఏ స్కూటరుకీ తెలీదు.

ఎనిమిదో స్తంభం తట్టాను.
దాలయ్య చెవి ఒగ్గి విన్నాడు.
ఏమీ అనలేదు,
కత్తెర తీశాడు.