కొట్టివేత

గుంటూరు కోర్టులో పదిహేడేళ్ళుగా
సాక్షుల మాటలు టైపు చేస్తున్నాను.
ఫారం మీద మొదటి వరస ముందే అచ్చయి వస్తుంది:
"దేవుని ఎదుట ప్రమాణము చేసి..."
ఆ వరసతో నా వేళ్ళకి ఏనాడూ పని పడలేదు,
ఆ మంగళవారం దాకా.

గద్దల యేసురత్నం బోనెక్కాడు.
అరవై దాటిన మనిషి, మిర్చి యార్డులో కాటా పని.
ఉతికిన చొక్కాయే. అయినా
అందులోంచి తేజా కాయ ఘాటు లేచి
ముందు ప్లీడరు తుమ్మాడు, తర్వాత ముద్దాయి,
ఆఖరికి జడ్జిగారు కూడా.
"చిరంజీవ" అన్నాడు డవాలా బంట్రోతు, అలవాటు కొద్దీ.

ప్రమాణం చెప్పమంటే నోరు విప్పలేదు యేసురత్నం.
కాసేపటికి,
"దేవుడనే మాట నా నోట రాదండి. బౌద్ధం తీసుకున్నాం,
మా పేటలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళం.
నిజం చెబుతాను. అది రాసుకోండి."

ప్లీడరు లేచాడు.
టిక్కీకి కిలోన్నర తరుగు కొట్టిన కేసు,
ఆయన కమీషన్ కొట్టు వాళ్ళ తరఫు.
"పేరులో యేసుని పెట్టుకుని దేవుడు వద్దంటావా?"
"పేరు మా అమ్మ పెట్టిందండి.
మోకాళ్ళు కాయలు కాసేలా అడిగి తెచ్చుకున్న పేరు.
మార్చబుద్ధి కాలేదు."
"మరి బుద్ధుడి బొమ్మకి అగరొత్తులు వెలిగించవా?"
"వెలిగిస్తాను. పక్కనే మా నాయన ఫోటోకీ వెలిగిస్తాను.
ఇద్దర్నీ ఏమీ అడగను."
"దేవతలు లేరన్నాడా మీవాడు?"
"అలా అనలేదంటండి. ఉన్నారంట.
వాళ్ళూ దిగొచ్చి ఆయన ముందు కూచుని వినేవాళ్ళంట.
వాళ్ళకీ ఒకరోజు చావుందంట,
మనకంటే కాస్త ఆలస్యంగా."
వెనక బెంచీలో ఎవరో నవ్వి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు.

"ఇంకోటండి. ఆయన కూడా తుమ్మాడంట ఒకసారి.
చుట్టూ ఉన్న భిక్షువులంతా చిరంజీవ అన్నారంట.
మీరు అంటే బతుకుతానా, అనకపోతే పోతానా
అని అడిగాడంట.
దేవుడైతే తుమ్మడు కదండీ."
బంట్రోతు తన బూట్ల వంక చూసుకున్నాడు.

"దేవుడంటే భయం లేనివాడి మాట, యువరానర్..."
అప్పుడొక్కసారే గొంతు లేచింది:
"ముల్లు మధ్యలో ఆగడానికి దేవుడక్కర్లేదయ్యా.
పళ్ళెం కింద వేలు పెట్టకుండా ఉంటే చాలు.
ఆ కొట్టు గోడ నిండా పటాలే.
కాటా వేలాడేదీ ఆ గోడ పక్కనే.
ముప్పై ఏళ్ళు చూశాను,
ఏ పటమూ ఆ వేలు పట్టుకోలేదు."

ఫ్యాను చప్పుడు. జడ్జిగారు కళ్ళద్దాలు తుడుచుకుని
నా వైపు తిరిగారు:
"ఆ మాట కొట్టేసి
అంతఃకరణ సాక్షిగా అని వేయండమ్మా."

స్కేలు కనపడలేదు. చేత్తోనే గీశాను.
గీత వంకరగా పోయింది,
కింద అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి.
కొట్టివేత ఎక్కడుంటే అక్కడ
పక్కన పొట్టి సంతకం పెట్టాలి, అది రూలు.
పెట్టాను.
దేవుడి పక్కన నా పేరు అంత దగ్గరగా
ఏ గుడి రసీదులోనూ పడలేదు.

కేసు వాయిదా పడింది.

సాయంత్రం సొరుగు తీస్తే కోటప్పకొండ విభూతి పొట్లం.
రోజూ ఇంటికెళ్ళే ముందు ఒక చిటికె,
దానితోపాటు ఒక చిన్న జాబితా:
పిల్లాడి మార్కులు, ఆయన షుగరు, నా బదిలీ.
ఆ రోజూ చిటికె పెట్టుకున్నాను.
జాబితా మాత్రం చదవలేదు.
ఎందుకో తెలియదు, మర్చిపోయానేమో కూడా.

శంకర్ విలాస్ దగ్గర బస్సెక్కాను.
చీర కొంగులో ఘాటు ఇంకా ఉన్నట్టుంది,
గట్టిగా తుమ్మాను.
పక్క సీట్లో చేపల బుట్ట పట్టుకున్న ముసలావిడ,
నేనెవరో తెలియకుండానే,
"నిండు నూరేళ్ళు, తల్లీ" అంది.

కాదనలేకపోయాను.
బుట్ట కాస్త ఇటు జరుపుకోమని
చోటిచ్చాను.