జీడిసొన

మూడుసార్లు పెట్టాను బొటనవేలు.
మూడుసార్లూ మిషను ఎర్రగా కూసింది.
రేషను డీలరు విసుక్కున్నాడు:
"దాలమ్మా, నువ్వు నువ్వు కావంటంది.
ఏలికి నిమ్మకాయ రుద్దుకుని సోమారం రా."

పలాసలో పదకొండేళ్ళు
జీడిపిక్కలు కొట్టిన చెయ్యి ఇది.
బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా
సొన సందు వెతుక్కుని దిగుతుంది.
ముందు చర్మం నల్లబడింది, తర్వాత పొర ఊడింది,
గీతలు ఎప్పుడు పోయాయో నేను చూడలేదు.
అప్పుడు కడుపుతో ఉన్నాను,
కిలోకి ఎంతొస్తుందో అదే చూసుకున్నాను.

దారిలో మా అత్త మొక్కే అమ్మవారి గద్దె.
నేను మొక్కి చాలా కాలమైంది.
మొదటి కానుపు దక్కనప్పుడు
"నీకు కళ్ళున్నాయా?" అని అడిగి వచ్చేశాను.
ఇవాళ ఆగి చూస్తే
నిజంగానే లేవు.
ముక్కు లేదు, నోరు లేదు,
పసుపు రాసి రాసి ఎందరి అరచేతులో
ఆ మొహాన్ని అరగదీసేశాయి.
అయినా ఆవిడ్ని ఎవరూ
నువ్వే అమ్మవారివని రుజువేటని అడగరు.
దణ్ణం పెట్టలేదు. కాసేపు నిలబడ్డాను,
పని దిగాక పక్కపీట మనిషి దగ్గర నిలబడినట్టు.

రాత్రి పిల్లకి జ్వరం.
కరెంటు లేదు.
నాయనమ్మ నుదురు తడిమితే చెయ్యి తోసేసింది.
నేను తాకాను.
కళ్ళు తెరవకుండానే
"గరుకుగున్నాది, అమ్మే" అని
నా వేళ్ళు బుగ్గ కిందకి లాక్కుని పడుకుంది.

దాని తల దువ్వినప్పుడల్లా
ఈ చేతులకి సిగ్గుపడ్డాను.
వెంట్రుకలు వేళ్ళ బీటల్లో చిక్కుకుంటే
"నొప్పే!" అని అరిచేది.
ఆ బీటలతోనే నన్ను పోల్చుకుంటుందని
నాకెవరూ చెప్పలేదు.

తెల్లారేసరికి ఒళ్ళు చల్లబడింది.
ఎవరు చల్లబరిచారో తెలీదు,
మాత్రో, తడిగుడ్డో, కళ్ళులేని ఆవిడో.
అత్త ముడుపు కట్టింది.
ఈసారి నేను వద్దనలేదు,
పసుపుగుడ్డ చింపి ఇచ్చాను కూడా.

సోమవారం మళ్ళీ వెళ్ళాలి.
నిమ్మకాయ కొనలేదు.
గుంటని వెంటబెట్టుకెళ్తాను.
మిషను కూస్తే కూయనీ,
బియ్యం ఇస్తాడో ఇవ్వడో,
అంత దూరమూ అది
నా బొటనవేలు పట్టుకునే నడుస్తుంది.