ఆరున్నరకి ఆగే కమాను

సరిగ్గా ఆరున్నరకి
టిమోన్ కమాను గాలిలో ఆగిపోతుంది.
తొమ్మిదేళ్ళవాడు, అటు సువావ్కీలో,
మోకాళ్ళ మధ్య తనకన్నా బరువైన సెల్లో,
నోరు సగం తెరిచి
తెర మీద బొమ్మైపోతాడు.
ఇటు గ్దాన్‌స్క్‌లో నేను
ఒక్క స్వరం కోసం చెవి ఒగ్గి కూర్చుంటాను.
కాసేపటికి అరడజను స్వరాలు
తలుపు తోసుకొచ్చినట్టు ఒకేసారి మీద పడతాయి.

"లైను శుభ్రంగా ఉందండీ" అంది కంపెనీ అమ్మాయి.
శుభ్రంగానే ఉంది. మధ్యాహ్నాలు.

మా భవనాన్ని ఇక్కడ అల అంటారు.
సముద్రం వైపు బయల్దేరి దారిలో మనసు మార్చుకున్నట్టు
వంకర తిరిగి, మళ్ళీ తిరిగి,
ఈ చివర్న వాన పడుతుంటే
ఆ చివర్న బట్టలు ఆరేసుకునేంత పొడుగు.
ఫోన్‌లో జాబితా తెరిస్తే
నలభై ఆరిళ్ళు ఒక్కసారే మాట్లాడుతున్నాయి:
బొద్దింకల మేడ, మెట్లు ఎవరు ఊడుస్తారు,
జెనోబియా కింది గది, అడిగినా చెప్పను.

ఒకటి, ఆరు, పదకొండు.
ఒకదాన్నొకటి రాసుకోకుండా నడిచే దారులు మూడే,
మిగతావన్నీ భుజాలు తగిలే సందులు.
పదకొండుకి మారాను. రెండ్రోజులు హాయి.
మూడోరోజు కమాను మళ్ళీ గాల్లో.

రౌటర్ని చేపల తొట్టి వెనకనుంచి తీశాను,
నీళ్ళు తరంగాల్ని తాగేస్తాయట,
ఇన్నేళ్ళుగా తాగుతున్న సంగతి చేపలు చెప్పలేదు.
బీరువా నెత్తిన ఎక్కించాను, ఉట్టి మీద వెన్నలా.
ఎదురింటి మైక్రోవేవ్ మీద అనుమానపడి
ఆరున్నరకే వెళ్ళి తలుపు కొడితే
గెర్వాజీ గారు గ్యాస్ పొయ్యి మీద
పుల్లటి క్యాబేజీ కూర వెచ్చబెడుతున్నారు.
అనుమానం అక్కడే వదిలేసి ఒక గిన్నెడు తినొచ్చాను.

ఓడల కార్ఖానాలో రేడియోలు బిగించిన చేతులాయనవి.
మర్నాడు అగ్గిపెట్టెంత యంత్రంతో వచ్చారు.
"నీ జాబితాలో పేరున్నవాళ్ళే కనబడతారమ్మా.
పేరు చెప్పుకోకుండా అరిచేవాళ్ళ మాటేమిటి?"

బయటి వసారాల వెంట నడిచాం,
జనవరి గాలి చెవులు కొరుకుతుంటే.
యంత్రం మీద పచ్చగీతలు గడ్డిలా మొలుస్తున్నాయి.
ఆరో అంతస్తులో చీలమండ దాకా,
ఎనిమిదిలో నడుం దాకా,
పదో అంతస్తులో, సైకిల్‌కి గొలుసేసిన తలుపు ముందు
గీతలన్నీ కలిసి గోడైపోయాయి.

లుత్సీనా గారు పిండి చేతులతో తలుపు తీసింది.
వంటింటి కిటికీలో పూలకుండీకి
రబ్బరు బ్యాండ్లతో కట్టిన పాత కెమెరా,
పక్కన బల్లపరుపు యాంటెన్నా ఉన్న బూడిదరంగు పెట్టె.
సంతలో పన్నెండు జ్లోటీలట.
వెనక గదికి కిటికీ అవతలివైపు, పార్కింగ్ మీదికి.
ఆ గదిలో, తుంటి విరిగిన బెనెడిక్ట్ గారు
బుల్లి టీవీలో
రేవు దాటుతున్న ఫెర్రీని చూస్తున్నారు.
మావైపు తిరగలేదు.
"మూడో డెక్ మీద ఒక దీపం పోయింది.
నిన్నా లేదు. ఎవరికీ కనబడదా?"

పిల్లాడి చేతిని పట్టి ఆపుతున్నది
సముద్రం.
ఏమని ఫిర్యాదు చెయ్యను?

గెర్వాజీ గారు పద్నాలుగు మీటర్ల తీగ తెచ్చి
గోడ అంచు వెంట మేకులు కొట్టుకుంటూ పోయారు.
వంటింటి తలుపు ఇక పూర్తిగా మూసుకోదు.
"ఫరవాలేదు, ఆయన కేకేస్తే వినబడుతుంది" అంది లుత్సీనా.
బొమ్మ మునుపటికన్నా తేటగా వచ్చింది.
బెనెడిక్ట్ గారు ఇంకో పోయిన దీపాన్ని కనిపెట్టారు.

మర్నాడు ఆరున్నర. ఆరూ ముప్పై రెండు.
కమాను ఆగలేదు.
పక్కకి జారిన ప్రతి స్వరమూ
చుక్క తగ్గకుండా నా చెవిలో పడింది.
ఇన్నాళ్ళూ తప్పంతా గాలిదే అనుకున్నాం ఇద్దరం.

"టీచర్" అన్నాడు టిమోన్, మణికట్టు విదిలించుకుంటూ,
కాస్త దిగులుగానే,
"ఇవాళ ఆగలేదేం?"