సొట్ట గురించి అడిగినవాడు

ఫోటోలు నాలుగు పెట్టాను.
ముందునుంచి, వెనకనుంచి, లోపల.
నాలుగోది ఎడమ తలుపు కింద సొట్ట.
దాచడం ఎందుకని.
గుమ్మా ఘాటీలో ఆ రాత్రి
సవరామె ఒకతె వెనకసీట్లో నొప్పులు పడుతుంటే
బండరాయిని చూసుకోలేదు నేను.
సొట్ట మిగిలింది.
మగపిల్లాడూ మిగిలాడు.

పద్నాలుగేళ్ల వ్యాగనార్. ఓఆర్ ఇరవై నంబరు.
క్లచ్ తొక్కితే మోకాలు అరుస్తోంది.
అమ్మేయండి సిస్టర్, అన్నారు డాక్టరుగారు.
లక్షా పది అని రాశాను.

పది నిమిషాలు కాలేదు, ఫోను.
పర్లాకిమిడిలో పోయిన కరెంటు కూడా
అంత తొందరగా రాదు.
హిందీ. తేనెలో ముంచి తీసిన హిందీ.
మేడమ్, నేను ఫౌజీని, జమ్మూలో డ్యూటీ.
యూనిఫాం ఫోటో, గుర్తింపు కార్డు,
అడక్కుండానే వచ్చి పడ్డాయి.
సంతలో ఉల్లిపాయలు కొనడానికొచ్చినవాడు
ముందు తన పుట్టుపూర్వోత్తరాలు విప్పుతాడా?

బండి చూడరా అన్నాను.
అక్కర్లేదు, మీ మాట చాలు.
ధర?
మీరన్నదే.
సొట్ట?
ఏ సొట్ట, మేడమ్?

అక్కడ ఆగింది నా చెయ్యి.
ముప్పైయేళ్లు సూదులు పొడిచినదాన్ని.
ఎక్కడ నొక్కినా నొప్పి లేదనే రోగిని
ఇంటికి పంపకూడదని తెలుసు.

అయిదువేలు అడ్వాన్సు పంపుతున్నా,
ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ను కొట్టండి,
డబ్బు మీ ఖాతాలో పడుతుంది అన్నాడు.
నలుపూ తెలుపూ గళ్ల బొమ్మ,
పంచదార పలుకు చుట్టూ చీమల్లా ఉంది.

మందులషాపు దండాసి చెప్పాడు ఓసారి:
వచ్చే డబ్బుకి తాళంచెవి అక్కర్లేదు సిస్టర్,
చెవి తిప్పమన్నాడంటే
లోపలిది బయటికి పోవడానికే.
ఇరవై రెండువేలు ఫీజు కట్టి
నేర్చుకున్న చదువు అది.
నాకు ఉచితంగా చెప్పాడు,
మోకాలి మాత్రలు పొట్లం కడుతూ.

మీవాళ్లెవరినైనా పంపు బాబూ,
బండి నడిపి చూడమను, అన్నాను.
తేనె విరిగింది.
నమ్మకం లేదా అన్నాడు, దేశం పేరెత్తాడు,
చివరికి తిట్టాడు.
ఆ తిట్టొక్కటే సొంత గొంతుతో.

ఆదివారం పొద్దున్న
పాతపట్నంనుంచి తవిటినాయుడు వచ్చాడు.
వస్తూనే మొదలెట్టాడు:
టైర్లు గుండు కొట్టించుకున్నాయి,
స్టీరింగు ఎడమకి లాగుతోంది,
సైలెన్సరుకి క్షయ.
బండికింద వెల్లకిలా పడుకుని
అక్కణ్ణుంచే నా మెకానిక్కుని తిట్టాడు.
ఈ సొట్టేటి సిస్టరూ?

చెప్పాను.
కాసేపు ఊరుకున్నాడు.
ఊరుకుని, ఎనభై అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను.
మొహం మీదే నా బండిని ఇంత చులకన చేశాడంటే
వీడు కొనేవాడే.

అలాగని తాళాలు వదిలెయ్యలేదు.
పక్కసీట్లో నేనే కూర్చున్నాను,
మహేంద్రతనయ వంతెన దాకా, మళ్లీ వెనక్కి.
ఏ ఒడ్డున నిలబడినా
మా బేరం తెలుగులోనే,
కాగితానికి మాత్రం ఒడ్డు తెలుసు.
రాష్ట్రం దాటే బండికి ఎన్‌ఓసీ కావాలి,
పేరు మారేదాకా అది ఎవర్ని గుద్దినా
నా పేరుతోనే గుద్దుతుంది.
ఆర్టీఓ ఆఫీసుకి మూడుసార్లు తిరిగాం,
ఒకే బెంచీ మీద,
అతను తెచ్చిన వేయించిన జీడిపప్పు తింటూ.
డబ్బు బ్యాంకులోనే తీసుకున్నాను,
పాస్‌బుక్కులో అచ్చు పడేదాకా
కుర్చీలోంచి లేవలేదు.
తొంభై రెండు.

తాళాలిస్తుంటే అడిగాడు,
సొట్ట కొట్టించెయ్యనా?
నీ బండి, నీ ఇష్టం అన్నాను.
గొంతు ఎందుకో కొంచెం జారింది.

ఆ రాత్రి మళ్లీ ఫోను.
మేడమ్, బండి ఉందా? నేను నేవీలో...
ఖాళీ షెడ్డులో లైటు ఇంకా వెలుగుతోంది,
నేలమీద నూనె మరక.

ఉంది బాబూ, అన్నాను,
ముందు ఎడమ తలుపు గురించి అడుగు.