వరుస

జెండా ఎగిరిన మరుసటి నెలలో
మద్రాసులో సంఘాలన్నీ ఒకటయ్యాయంట.
ఆ కబురు కుందూ దాటి మా పల్లెకు వచ్చేసరికి
మేం రెండయ్యాం.

గుడి ఒక్కటే. నాపరాళ్ల గుడి,
వాన పడితే ఉత్తరపు గోడ చెమ్మగిల్లేది.
అందులో కుడి పక్క కూర్చునేవాళ్లు ఒక ఆదివారం లేచిపోయి
కంపచెట్ల అవతల రేకుల కొట్టంలో కూర్చున్నారు.
జంపఖానాలు పంచుకున్నారు, పెట్రోమాక్సు లైటుకు చీటీలు వేసుకున్నారు.
గంటను పంచుకోలేక
మునసబు రెడ్డి ఇంట్లో పెట్టారు తొమ్మిది నెలలు.
ఆయన దాన్ని తిరగేసి ఉలవలు పోసుకున్నాడని
ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎందుకని అడిగితే మా అబ్బ ఇజ్రాయేలు
అరుగు మీద నిటారుగా సర్దుకునేవాడు.
"బిషప్పు తలమీద ఇంకో బిషప్పు చెయ్యి,
ఆయన తలమీద ఆయన ముందరోడి చెయ్యి,
అట్ల పోతా పోతా పేతురు దాకా పోతాది వరుస.
లండన్ మిషనోళ్లకు యాడుంది ఆ వరుస?
వరుస లేని చేతిలో రొట్టె, వట్టి రొట్టెనే."

మా అవ్వ దీవెనమ్మ
జమ్మలమడుగు దిక్కు లండన్ మిషన్ ఆడపిల్ల.
పెండ్లికి కుదిరిన వరుస
గిన్నె దగ్గర కుదరలేదు.
పదహారేండ్లు, అందరూ మోకాళ్లూనే వేళకు
ఆమె వాకిలి దగ్గర చెప్పులకు కాపలా ఉన్నట్టు కూర్చుంది.
గిన్నె తుడిచే గుడ్డ ఉతికేది మాత్రం ఆమే.
ద్రాక్షరసం మరకకు నిమ్మకాయ, ఎండ.
పోకుంటే ఇంకో నిమ్మకాయ.

"బిషప్పు వచ్చినప్పుడు చెయ్యి పెట్టించుకో,
పోతాది గదా" అనేవాడు అబ్బ.
"మా నాయన చేతి రొట్టె వట్టిదని
నా నోటితో ఒప్పుకున్నట్టు గదా" అనేది.
రాగిసంగటి కెలకడం ఆపేది కాదు.

ఊర్లో కాన్పులన్నీ ఆమె చేతి మీదనే.
నడిరేయి లాంతరు పట్టుకొని తలుపు కొట్టినవాడు
ఏ గుడివాడో అడిగేది కాదు,
నొప్పులు ఎప్పుడు మొదలైనాయో అడిగేది.

ఒక ఈస్టరుకు కొత్త అయ్యగారు వచ్చాడు, కృపానందం,
మా వీధిలో పుట్టినవాడే.
తెల్లంగీ మడతలింకా నలగలేదు.
ఆ పొద్దు అవ్వ వాకిలి దగ్గర నుంచి లేచి
నడిచి వచ్చి మోకాళ్లూనింది.
గిన్నె ఆగింది. ఎవరో దగ్గారు.
అవ్వ తలెత్తి, మెల్లగానే అనింది:

"బిషప్పు కంటే ముందర
నీ తలమీద పడిన చెయ్యి ఎవరిది నాయనా?
ఎదురుకాళ్లతో వస్తాంటే తిప్పి దించినా."

ఇచ్చాడంటారు కొందరు.
గిన్నె పట్టుకొని అట్లే నిలబడిపోయాడంటారు ఇంకొందరు.
అబ్బ ముందర ఆ మాట వస్తే
పొగాకు కోసం జేబులు తడుముకునేవాడు.

ఇప్పుడు సంఘం ఒకటే, కాగితాల మీద.
కమిటీ ఎన్నికలొస్తే మళ్లీ
కుడి పక్క, ఎడమ పక్క.

మొన్న తాడు మార్చాలని గంట దించారు.
ఎవరూ చూడనప్పుడు లోపలికి చెయ్యి పెట్టాను.
ఉలవలేం లేవు.
అరచేతికి పచ్చటి చిలుము అంటుకుంది,
నిమ్మకాయతో రుద్దినా
రెండు రోజులు వదల్లేదు.